తండ్రి గడిలో దొర

నా చిన్నప్పుడు నాకున్న పెద్ద రోగం కుళ్ళు. పక్క పిల్ల పెన్సిలు నా పెన్సిలుకన్నా బారెడు పొడుగ్గా కనిపించేది, ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. నేను కడుపులో కుంపటి పెట్టుకుని పుట్టానని మా అమ్మ అనేది. ఆ కుంపటి బాగా రాజుకున్న ఏడాది నాకు పదేళ్ళు. మేము అప్పుడు దోహాలో, అల్ దోహా అల్ జదీదాలో, ఒక పాత మేడ ఇంటి కింది వాటాలో ఉండేవాళ్ళం. నాన్న ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. ఇప్పుడు ఇదే దోహాలో, అబూ హమూర్‌లో కూతురింట కూర్చుని ఇది రాస్తున్నాను కదా అని ఈ ఊరు దాటి పోలేదనుకోకండి. పెళ్ళయి కాకినాడ వెళ్ళి పాతికేళ్ళు కాపురం చేసి, మనవల పెంపకానికి మళ్ళీ ఇక్కడికే వచ్చాను.

మేడమీద వాటాలో ఉన్నవాళ్ళూ మా గోదావరివాళ్ళే, మా చర్చి సంఘంవాళ్ళే. వాళ్ళమ్మాయిని నేను మేడమీది అక్క అనేదాన్ని. నాకన్నా ఐదేళ్ళు పెద్దది. తేనెరంగు కళ్ళు, ఎండలో నిలబడితే రాగిలా మెరిసే జుట్టు. బడి వ్యానులో రోజూ నన్ను కిటికీ వైపు కూర్చోబెట్టుకుని, వదులైపోయిన నా జడ మళ్ళీ అల్లేది. అక్క పక్క సీటు నాదని వ్యానులో అందరికీ తెలుసు. తెలియనివాళ్ళకు నేను గిల్లి చెప్పాను.

ఆ కళ్ళ గురించి వాళ్ళింట్లో ఒక కథ ఉండేది. అక్క వాళ్ళ తాతమ్మ, అంటే వాళ్ళ నాన్నగారికి నాయనమ్మ, గోదావరి కాలవ లాకుల దగ్గర పనిచేసిన ఒక ఇంగ్లీషు దొర కూతురట. ఆ దొర పేరేమిటో, ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. కథ మాత్రం తరాలు దాటి, సముద్రం దాటి దోహా దాకా వచ్చింది. అక్క వాళ్ళ నాన్నగారిని నేను మావయ్యగారూ అని పిలిచేదాన్ని. ఆయన కంపెనీలో ఉన్న ఇంగ్లీషు ఇంజినీరు ఒకాయన ఆ కథ విని, ఆధారం ఏదైనా ఉంటే తెప్పించు, మా దేశం పంపి చూద్దాం అన్నాడట. చట్టం ఏమంటుందో ఎవరికీ సరిగా తెలియదు. కాని అంతమాత్రానికే మేడమీద ఇంగ్లండు ప్రయాణం మొదలైపోయింది. మావయ్యగారు సొంతూరి పాస్టరుగారికి ఉత్తరం రాసి, పాత బాప్తిస్మపు రిజిస్టరులో తాతమ్మ వరస వెతికించమన్నారు.

జవాబు మూడు నెలలకు వచ్చింది. పాస్టరుగారు రిజిస్టరులో ఉన్న గడులన్నీ గీసి, ఆ వరసను ఉన్నది ఉన్నట్టు దించి పంపారు. తండ్రి అన్న గడిలో ‘దొర’ అని ఉంది. ఆ మాట కింద పాస్టరుగారే సంతోషం పట్టలేక ఎర్ర పెన్సిలుతో గీత గీశారు. ఆ సాయంత్రం అక్క వాళ్ళమ్మ, అత్తయ్యగారు, మా ఇంటికి కేకు పంపారు. నేను తిననన్నాను. అందరూ లేచాక వంటింట్లోకి వెళ్ళి తిన్నాను, తింటూ ఏడ్చాను.

మర్నాటినుంచి అక్క వ్యానులో ముందు సీటుకు మారింది. అక్కడ ఇంగ్లీషులో మాట్లాడుకునే పెద్దపిల్లలు ఉండేవారు. నా పక్క సీటులో నా సంచీ కూర్చునేది. అక్క మంచు గురించి చెప్పేది, అక్కడి బడి గురించి చెప్పేది, వాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవారు. నాకు ఒళ్ళంతా మండేది. అద్దంలో నా కళ్ళు చూసుకుంటే బొగ్గుముక్కల్లా కనిపించాయి. మనకు దొరెవరూ లేరా అని అమ్మను అడిగాను. “మీ తాతయ్యగారున్నారు కదే, మళ్ళీ ఇంకో దొరెందుకు మనకి?” అంది అమ్మ, ఆయనకు వినపడకుండా.

మా తాతయ్య ఆ ఏడాదే, మా నాయనమ్మ పోయాక, విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చారు. జిల్లా కచేరీలో రికార్డు గది గుమాస్తాగా జీవితమంతా చేశారు. దోహాలోనూ పంచె వదల్లేదు. గాలిదుమ్ము రేగి అందరూ కిటికీలు మూసుకుంటే, మా రికార్డు గదిలో ఉన్నట్టే ఉందని ఆయన తీరిగ్గా కూర్చునేవారు. పాత దస్తూరీ ఎంత గొలుసుకట్టుగా ఉన్నా చదవగలరని సంఘంలో పేరు. అందుకని ఒక శుక్రవారం, ఇక్కడి సెలవురోజు, ఆరాధన అయ్యాక మావయ్యగారు ఆ కాగితం పట్టుకుని మా వాటాకు వచ్చారు.

“బాబాయిగారండీ, దీన్ని ఇంగ్లీషులోకి మార్చి కింద మీ సంతకం పెట్టాలండి. రికార్డుల్లో పనిచేసినవారు కదా, మీ మాటకి విలువుంటుంది. ఇదిగోండి, తండ్రి, దొర. యూరోపియన్ జెంటిల్‌మన్ అని రాసేస్తే సరిపోద్దండి.”

తాతయ్య ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. “వచ్చే శుక్రవారం ఇస్తానండి. తొందరపడి రాసేది కాదిది,” అన్నారు. మావయ్యగారు ఆయ్ అలాగేనండి అని సంతోషంగా మెట్లెక్కారు. ఆ సంతోషం చూసి కూడా నా కడుపు మండింది. ఆ కాగితం చిరిగిపోతే బాగుండును, తడిసిపోతే బాగుండును అని ఆ వారమంతా ప్రార్థన చేశాను. ప్రార్థన అని చెప్పడానికి సిగ్గుగానే ఉంది, కాని చేశాను.

మంగళవారం బడినుంచి వచ్చేసరికి తాతయ్య కుర్చీలో కునుకు తీస్తున్నారు. కాగితం బల్లమీద ఉంది. ఏదైనా తప్పు దొరక్కపోతుందా అని ఒక్కో గడీ చదివాను. ఆశపడ్డవాళ్ళందరూ ఎర్రగీత ఉన్న గడినే చూశారు. కుళ్ళుబోతుదాన్ని కనుక నేను అన్ని గడులూ చూశాను. పేరు గడిలో తాతమ్మ పేరు. తల్లి గడిలో, ఆ చోటు చెదలు తినేసిందని పాస్టరుగారి మాట. తండ్రి గడిలో ‘దొర’, దాని పక్కన రెండు నిలువు గీతలు. దానికి ముందున్న పుట్టిన తేదీ గడిలోనూ అదే ‘దొర’, అవే రెండు నిలువు గీతలు.

తాతయ్యను కుదిపి లేపాను. “తాతయ్యా, పుట్టిన తేదీ కూడా దొరేనా?”

ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. నువ్వూ చూశావా అన్నట్టు నా వైపు చూశారు. చూశాక చెప్పక తప్పదు కనుక చెప్పారు. పూర్వం గుమాస్తాలు మాటలు పూర్తిగా రాసేవారు కాదట. రూపాయలను రూ అని రాసి రెండు గీతలు గీసినట్టే, దొరకలేదు అనడానికి దొర అని రాసి రెండు గీతలు గీసేవారట. “ఈ ఊళ్ళో మీ బకాలా కిరాణా కొట్టువాడు ఏదడిగినా మాఫీ మాఫీ అంటాడు చూడు, లేదు లేదని. మావాళ్ళకి ఇది అలాంటి మాటే అనుకో.” అంటే బిడ్డ ఎప్పుడు పుట్టిందో వివరం దొరకలేదు. తండ్రెవరో కూడా దొరకలేదు.

నాకు ఆ క్షణంలో కలిగిన ఆనందం ఇన్నేళ్ళకూ మరిచిపోలేదు. అంత చెడ్డ ఆనందం మళ్ళీ నాకు కలగలేదు. దొర లేడు! ఇంగ్లండు లేదు! తాతమ్మకు నాన్నే దొరకలేదు! వ్యానులో ముందు సీటు దగ్గర నిలబడి ఈ మాట ఎలా చెప్పాలో కూడా అప్పటికే మనసులో కూర్చుకున్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా మేడమెట్ల వైపు పరిగెత్తాను.

తాతయ్య నన్ను ఆపలేదు. వెనకనుంచి మామూలు గొంతుతో, “చెబుదువుగాని. ఉత్త నోటిమాట ఎవరు నమ్ముతారే? సాఫు ప్రతి రాసి పట్టుకెళ్ళు,” అన్నారు. సాఫు ప్రతి అంటే కొట్టివేతలు లేకుండా శుభ్రంగా రాసే నకలు. అది నాకు నచ్చింది. చేతిలో కాగితం ఉంటే మరీ బాగుంటుంది కదా. వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను. ఆయన తెల్లకాగితం ఇచ్చి, తన కలం ఇచ్చి, గడులు గీయించారు. కొత్తగా చేరిన గుమాస్తా ముందు అదే వరసను తన పేరుతో ఒకసారి రాసి చెయ్యి తిప్పుకోవాలని, అది రికార్డు గది పద్ధతని చెప్పారు. అలాంటి పద్ధతి ఎక్కడా లేదని తెలిసేసరికి నేను పెద్దదాన్నయ్యాను.

పేరు గడిలో నా పేరు గుండ్రంగా రాశాను. పుట్టిన తేదీ గడిలో పొట్టి మాటలు పనికిరావు, పూర్తిగా రాయమన్నారు. దొరకలేదు అని రాశాను. తరువాత తండ్రి గడి. లోపలి గదిలో మా నాన్న అప్పుడే డ్యూటీనుంచి వచ్చి చొక్కా మార్చుకుంటున్నారు. ఖుబ్బూస్ రొట్టెలు తెచ్చాను, వేడిగా ఉండగానే తినండని అమ్మతో అంటున్నారు. నేను కలం ఆ గడిలో ఆనించాను. సిరా చుక్క పడి పాకింది. చెయ్యి కదల్లేదు.

“రాయమ్మా. ఐదక్షరాలే కదా,” అన్నారు తాతయ్య.

నేను రాయలేకపోయాను. నాన్న నా పేరు పెట్టి పిలిచారు. నేను ఆ కాగితాన్ని ఉండచుట్టి గౌనులో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాను.  తాతయ్య పాపమనీ, తప్పనీ చెప్పలేదు. మెట్ల వైపు చూపించి, వెళ్ళాలంటే వెళ్ళమన్నారు. నేను వెళ్ళలేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ అనేది. ఆ వారం నానింది.

శుక్రవారం తాతయ్య మావయ్యగారిని మా వాటాకు పిలవలేదు. ఆరాధన అయ్యాక, మనుషుల్లేని వీధి చివరికి ఇద్దరే నడుచుకుంటూ వెళ్ళి చాలాసేపు నిలబడ్డారు. ఆయనకేం చెప్పారో తరువాత నాన్నతో అంటుంటే విన్నాను. దొర లేడని ఆ కాగితం చెప్పడం లేదు, దొరకలేదని మాత్రమే చెబుతోంది, నేను అంతకుమించి రాయలేను అన్నారట. ఇంకొకటి కూడా చూపించారట. ఆ వరసలో చివరిది తెచ్చినవారు అన్న గడి. అందులో లాకుల తలుపులు తిప్పే లస్కరు భార్య పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా ఉంది. ఆమె దొరగారింట్లో ఆయా అయి ఉంటుందని మేడమీదవాళ్ళు ఇన్నాళ్ళూ అనుకున్నారు. బిడ్డను బాప్తిస్మానికి గుడికి ఎత్తుకొచ్చింది ఆమే, పెంచిందీ ఆమే అయి ఉండాలి. మావయ్యగారు ఆ పేరును తన జేబులోని చీటీమీద రాసుకుని ఇంటికి వచ్చారు. ఆ రోజు మేడమీద ఒకరినొకరు భోజనానికి పిలుచుకున్న చప్పుడు వినిపించలేదు.

శనివారం వ్యాను వచ్చింది. డ్రైవరు యల్లా యల్లా అని తొందరపెడుతుంటే అక్క ఎక్కి, ముందు సీటు దాటి, నా సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. నేను కోరుకున్నదంతా కోరుకున్నట్టే జరిగింది. అక్క కళ్ళు వాచి ఉన్నాయి. తేనెరంగు మాత్రం పోలేదు. ముందు సీటు పిల్ల ఒకతి వెనక్కి తిరిగి లండన్ పంపే కాగితం ఏమైందని అడిగింది. అక్క కిటికీలోకి చూస్తూ, “ఏమీ దొరకలేదంట,” అంది.

ఆ మాటకు లోపల ఏముందో ఆ వ్యానులో అక్కకు తెలుసు, నాకు తెలుసు. నాకు తెలుసని అక్కకు తెలియదు. నేను వెనక్కి తిరిగి నా జడ చూపించి, వదులైపోయిందక్కా, అల్లవా అన్నాను. అది పొద్దున్నే అమ్మ బిగించి వేసిన జడ. అక్క విప్పి మళ్ళీ అల్లింది.

ఇప్పుడు రిజిస్టర్లన్నీ ఫోన్లలోకి వచ్చేశాయి. మొన్న శుక్రవారం ఆరాధన అయ్యాక మా సంఘంలో ఒకామె తన ముత్తాత ఎవరో కెప్టెను కింద పెద్ద హోదాలో పనిచేశాడని, ఫోనులో పాత కాగితం చూపిస్తూ అందరికీ మిఠాయి పంచింది. ఈ వయసులోనూ నాకు కడుపు మండింది. కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. ఆయన పని ఏమిటో రాసిన చోట నాకు అంత హోదా లేని మరో మాట కనిపించింది. తాతయ్య నేర్పిన చదువు పోలేదు, కుళ్ళూ పోలేదు. నాలుక చివరి దాకా వచ్చింది. అలా వచ్చినప్పుడల్లా నేను మనసులో గడులు గీసి, ముందు నా పేరు రాసుకుంటాను. తండ్రి గడికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఆ ఆగిన కాసేపట్లో మిఠాయి నోట్లో వేసుకుని, చాలా సంతోషం తల్లీ అంటాను. మొన్న కూడా అన్నాను. సగానికి సగం అబద్ధం. పదేళ్ళప్పుడైతే పూర్తి అబద్ధమయ్యేది.