ఇంటికెళ్ళేదెవరు?

క్లైవ్ పెండిల్ లండన్ పార్లమెంటులో ద్వారపాలకుడు. నల్లకోటు, తెల్ల బో టై, వాతం పట్టిన మోకాళ్ళు. ఓటింగు గంట మోగితే తలుపులు తియ్యాలి, ఎనిమిది నిమిషాలకి మూసెయ్యాలి. యూరప్ కూటమి నుంచి ఏ షరతుల మీద బయటపడాలో తేల్చలేక సభ మూడేళ్ళుగా వాదించుకుంటోంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. "ఈ నాన్చుడికి నా మోకాళ్ళు అరిగిపోయాయి," అంటూ క్లైవ్ క్యాంటీన్లో ఇల్డా దగ్గర టీ తాగుతాడు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ టీ పోస్తున్న పోర్చుగల్ మనిషి ఆవిడ; ఆ దేశమూ ఆ కూటమిలోదే. "ఏం క్లైవ్, ఇవాళైనా తేలుస్తారా? మమ్మల్ని ఉండమంటారా, పొమ్మంటారా?" అని రోజూ వేళాకోళం. "నన్నడక్కమ్మా, నేను తలుపు తీసేవాణ్ణి," అని రోజూ అదే జవాబు.

ఓ సాయంత్రం కూటమి నుంచి బయటపడే ఒప్పందం ఓటింగులో మళ్ళీ ఓడిపోయింది. సభ ముగియగానే క్లైవ్ ముప్ఫయ్యేళ్ళ అలవాటు కొద్దీ కేకేశాడు: "ఇంటికెళ్ళేదెవరూ?" దొంగల భయంతో సభ్యులు గుంపుగా ఇళ్ళకెళ్ళే కాలం నాటి కేక అది. ఇప్పుడెవరూ బదులివ్వరు, ఉత్త ఆచారం.

"నేనే క్లైవ్," అంది నడవా చివర నుంచి ఇల్డా, ఏప్రన్ మడతపెడుతూ. "వచ్చే శుక్రవారం మా ఊరు లిస్బన్‌కి. ఇక తిరిగి రాను." ఈసారి నవ్వలేదు.

ఆ కేకకి జవాబొస్తే ఏమనాలో ఆయనకెవరూ నేర్పలేదు. వెళ్ళి తలుపు తీసి పట్టుకున్నాడు.