విరామంలో ఎవరూ లేవలేదు

పంప్‌హౌస్ గోడకున్న ప్రెజర్ మీటరు ముల్లును పంతొమ్మిదేళ్ళు చూసి చూసి, ఆ ఆపరేటరు ఊరి కడుపులో సంగతి చెప్పగల స్థితికి వచ్చాడు. ఏ వీధిలో విందు జరిగిందో, మర్నాడు పొద్దున అది ఎంతమందికి వికటించిందో ముల్లు వణుకును బట్టి చెప్పేవాడు. ఒకసారి మూడో వీధిలో ఓ ముసలాయన పళ్ళసెట్టు కడుక్కుంటూ కుళాయి కట్టడం మరిచిపోతే, పంప్‌హౌస్‌లోంచి కదలకుండానే కనిపెట్టి, మనిషిని పంపి కట్టించాడు. ఆ సెట్టు పైదా కిందిదా అన్నది కూడా చెప్పాడంటారు గానీ, అంతదాకా నమ్మక్కర్లేదు. పైదని మాత్రం తర్వాత తేలింది.

ఊరు అతనికి ముల్లు బాబాయ్ అని పేరు పెట్టింది. అతనూ ఒప్పుకున్నాడు.

బాబాయ్ అసలు ప్రతాపం క్రికెట్ రోజుల్లో బయటపడేది. ఆట నడుస్తున్నంతసేపూ ఊరు టీవీల ముందు బిర్రబిగుసుకుని కూర్చుంటుంది. ముల్లు రాతిబొమ్మలా నిలబడిపోతుంది. మంచినీళ్ళ విరామం వచ్చి తెరమీద ప్రకటనలు మొదలవగానే ఊరు ఊరంతా ఒక్కసారి లేస్తుంది. అక్కడ మైదానంలో ఆటగాళ్ళు నీళ్ళు తాగుతుంటే ఇక్కడ వేలమంది నీళ్ళు వదులుతారు. ఆ పైన ఫ్లష్షులు, ఆ పైన చేతులు కడుక్కోవడాలు, ఆ పైన టీకి గిన్నెలు. ముల్లు దబ్బున పడిపోతుంది. మేడలమీద కుళాయిలు బుస్సుమని గాలి కక్కుతాయి.

అందుకని బాబాయ్ విరామానికి సరిగ్గా నిమిషం ముందు రెండో మోటారు వేసేవాడు. ఇది ఏ పుస్తకంలోనూ లేని పద్ధతి, అతని సొంతం. పంప్‌హౌస్‌లో టీవీ పెట్టరాదని రూలు కనక, కిటికీలో అరచేయంత రేడియో ఒకటి పెట్టుకుని ఓవర్లు లెక్కపెట్టేవాడు. పంతొమ్మిదేళ్ళలో ఏ మ్యాచ్‌కీ ఏ మేడమీదా కుళాయి ఎండలేదు.

"ప్రకటనలంటే ఏమిటనుకున్నావు? ఊరికి ఒంటేలు గంట" అనేవాడు భార్యతో.

"ఆ గంట కొట్టడానికి వాళ్ళు కోట్లు పోస్తారటండీ. మీరే వెర్రివాళ్ళు, జీతానికి మోటారు వేస్తారు" అనేది ఆవిడ.

అలాంటి మనిషికి ఆ ఏడాది కప్పు ఫైనల్ మర్నాడు మెమో వచ్చింది.

జరిగింది ఇది. ఒక పరుపుల కంపెనీ ఆ టోర్నమెంటు పొడుగునా ఒకే కథను ముక్కలు ముక్కలుగా ప్రకటనల్లో చూపించింది. పెళ్ళికొడుకు పరుపు కొనడానికి కొట్టుకు వెళ్ళి, వాలి చూస్తూ నిద్రపోతాడు. అవతల పెళ్ళికూతురు ముస్తాబై ఎదురుచూస్తూ ఉంటుంది. ఒక మ్యాచ్‌లో బావమరుదులు వెతికారు. ఇంకో మ్యాచ్‌లో పోలీసులు వెతికారు. సెమీఫైనల్లో పెళ్ళికూతురే బండెక్కి బయల్దేరింది. లేస్తాడా లేవడా అన్నది ఫైనల్లో, రెండో ఇన్నింగ్స్ మంచినీళ్ళ విరామంలో చూపిస్తామన్నారు. ఎవరు గెలుస్తారన్న బెంగ వదిలేసి జనం వాడు లేస్తాడా అని పందాలు కాసుకున్నారు. ఊరు మొత్తం మీద ఆ పెళ్ళికొడుకు సంగతి తెలియనివాడు ముల్లు బాబాయ్ ఒక్కడే. రేడియోలో ఆ ప్రకటన రాదు మరి.

ఫైనల్ మధ్యాహ్నం బాబాయ్ ఎప్పట్లాగే ఓవర్లు లెక్కపెట్టి, ఎప్పట్లాగే నిమిషం ముందు రెండో మోటారు వేశాడు. విరామం వచ్చింది. ముల్లు పడలేదు. పైకి లేచింది. బాబాయ్ వేలితో అద్దం మీద కొట్టాడు. ఇంకా లేచింది. ఊళ్ళో ఒక్క ప్రాణి కదల్లేదు. పసిపిల్లల దగ్గర్నుంచి షుగరు రోగులదాకా అందరూ బిగపట్టుకుని కూర్చున్నారు. పంతొమ్మిదేళ్ళలో ముల్లు మీటరు మీది ప్రమాదం గీత దాటడం అదే మొదటిసారి. బాబాయ్ ఎనిమిది సెకన్లలో మోటారు ఆపేశాడు. అప్పటికే నాలుగురోడ్ల కింద, బాబాయ్ కన్నా వయసులో పెద్దదైన గొట్టం పగిలింది.

నీళ్ళు రెండో అంతస్తుదాకా ఎగిశాయి. ఓ టీచరమ్మ సైకిలును తీసుకెళ్ళి బ్యాంకు బాల్కనీ కమ్మీలకు తగిలించాయి. తాళం వేసినట్టే ఉంది.

ఆ గొట్టం మార్చమని బాబాయ్ మూడుసార్లు రాశాడు. ఆ మూడు కాగితాల మాట మెమోలో లేదు. ఉన్నది ఇది: "విధి నిర్వహణలో నిద్రించి, రెండవ మోటారును అనవసరముగా నడిపి, నష్టము కలిగించినందున మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను."

అన్నంలో రాయి తగిలినట్టు అతనికి ఒక్క మాట దగ్గర తగిలింది.

"నిద్రట. నేను నిద్రపోయానట" అన్నాడు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా. "పోనీ, నువ్వు చెప్పు. విరామంలో నువ్వు లేచావా?"

ఆవిడ ఉల్లిపాయ తరగడం ఆపింది. "లేవలేదండీ."

"ఎందుకు లేవలేదు?"

"పెళ్ళికొడుకు లేస్తాడేమోనని."

"ఏ పెళ్ళికొడుకు?"

ఆవిడ కథంతా చెప్పింది. అతను నోరు తెరుచుకుని విన్నాడు.

"ఇంతకీ వాడు లేచాడా?"

"లేవలేదు. ఆ పిల్లే వచ్చి, చూసి చూసి, తనూ పక్కన పడుకుని నిద్రపోయింది. బావుందండీ, నిజం చెప్పద్దూ."

"కట్టుకున్నదానివి, నువ్వు కూడానా" అన్నాడు బాబాయ్. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళాడు. చంకలో ఫైనల్ రోజు చార్టు ఉంది. మీటరుకు తగిలించిన గుండ్రటి కాగితం మీద ఎర్ర పెన్ను రోజంతా గీసుకుంటూ పోయే గీత అది. హెడ్ గుమాస్తా అతన్ని వరండాలోనే పట్టుకున్నాడు.

"బాబాయ్, నా మాట విను. కాస్త కునుకు పట్టింది, మన్నించండి అని రాసిచ్చెయ్. ఒక ఇంక్రిమెంటు కోసి ఊరుకుంటారు. పైగా నీకు మంచి కబురొకటుంది లోపల."

"నాకు కునుకు పట్టలేదురా."

"పట్టిందని ఎవరన్నారు? రాయమంటున్నా, అంతే."

లోపల ఇంజనీరుగారి ఎదురుగా మెడలో కార్డు వేలాడేసుకున్న కుర్రాడు ఒకడు కూర్చున్నాడు. పరుపుల కంపెనీ వాడు. బాబాయ్‌ని చూడగానే లేచి చెయ్యి చాపాడు.

"అంకుల్, మీకోసమే వచ్చాను. మీ చార్టు సంగతి విన్నాం. మా ప్రకటన కోసం ఊరు మొత్తం బాత్రూముకు కూడా లేవలేదంటే మా వాళ్ళు నమ్మలేదు. ఇంతకన్నా రుజువు ఏం కావాలి చెప్పండి?"

బాబాయ్ ప్రాణం లేచొచ్చింది. చార్టు బల్లమీద పరిచాడు. "చూడండి సార్. ఇదుగో విరామం. ఇక్కడ పడాలి, పడలేదు. ఇదుగో ఎనిమిది సెకన్లు, ఇదుగో నేను ఆపిన చోటు. నిద్రపోయినవాడు ఆపుతాడా?"

"కాదనడం లేదయ్యా" అన్నాడు ఇంజనీరు. "ముందు ఆయన చెప్పేది విను."

"వచ్చే కప్పుకు కొత్త ప్రకటన తీస్తున్నాం అంకుల్. పంప్‌హౌస్. ఊరంతా టీవీ ముందు. ఒక్క కుళాయి తిరగదు. ఆపరేటరుకు పని లేదు. మోటారు పక్కన మా పరుపు వేసుకుని గుర్రు పెడుతుంటాడు. ఆ వేషం మీరే వెయ్యాలి. అసలైన మనిషి వేస్తే ఆ అందమే వేరు. గొట్టం ఖర్చు మేం పెట్టుకుంటాం. మీకో పరుపు ఉచితం, డబల్."

"మెమో కూడా చింపేస్తానయ్యా" అన్నాడు ఇంజనీరు. "అందరికీ బావుంటుంది."

బాబాయ్ ఇంజనీరు కేసి తిరిగాడు.

"సార్, ఒక్క మాట. ఆ విరామంలో మీరు లేచారా?"

ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి. "అది ఇప్పుడెందుకు?"

"లేవలేదు. ఎవరూ లేవలేదు. మీరంతా కూర్చుని, పరుపుమీద నిద్రపోయేవాణ్ణి చూస్తూ ఒళ్ళు మరిచిపోయారు. ఊళ్ళో ఒళ్ళు తెలిసి పనిచేస్తున్నవాణ్ణి నేనొక్కణ్ణి. నిద్రపోయానన్న మెమో నాకే వచ్చింది. ఇప్పుడేమో నిద్రపోతే పరుపు ఇస్తారట, మేలుకున్నానంటే మెమో చింపరట. ఏం న్యాయం సార్ ఇది?"

"ఉత్త తమాషా అంకుల్. ఎవరూ నిజమనుకోరు" అన్నాడు పరుపుల మనిషి.

"ఆ పెళ్ళికొడుకుని నిజమనుకునే కదా నాయనా, ఊరు ఉగ్గబట్టుకుని కూర్చున్నది. నేను గుర్రుపెడితే మాత్రం అబద్ధమనుకుంటారా? నా పంతొమ్మిదేళ్ళు మీ అరనిమిషానికి ఇవ్వను. నన్ను అంకుల్ అనకు. మీ ఇంటి చుట్టాన్ని కాను."

పరుపుల మనిషి కార్డు సర్దుకున్నాడు. ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలి, ఈసారి గొంతు మార్చి చెప్పాడు.

"సరే, వేషం వెయ్యొద్దు. మెమోకు మాత్రం జవాబు చెప్పాలి కదా. ఏమంటావు?"

"నిద్రించి అన్న మాట కొట్టెయ్యండి."

"కొట్టేస్తే ఏమవుతుందో తెలుసా? నిద్రపోతే పొరపాటు, ఒక ఇంక్రిమెంటు. మేలుకుని ఉండి మోటారు వేశావంటే తెలిసి చేసిన నష్టం. రెండు పోతాయి. రూలు నేను రాసింది కాదు."

"మూడుసార్లు రాశాను సార్, గొట్టం మార్చమని."

"ఆ కాగితాలు ఆఫీసులో లేవు."

"నేను మేలుకుని ఉండి రాసినవన్నీ పోతాయి, నిద్రపోయిందొక్కటే దొరుకుతుందన్నమాట" అన్నాడు బాబాయ్. "కొట్టెయ్యండి."

"ఇంటికెళ్ళి అడిగి రా, పోనీ."

"అడగాల్సిన మనిషి కూడా ఆ రోజు లేవలేదు సార్. కొట్టెయ్యండి."

ఇంజనీరు పెన్ను మూత తీసి, మాట మీద గీత గీసి, పైన వేరే మాట రాసి, పక్కన పొట్టిసంతకం పెట్టాడు. బాబాయ్ అడిగితే చార్టు కూడా ఆ కాగితానికే గుచ్చాడు. పరుపుల మనిషి ఫొటో తీసుకోబోతే బాబాయ్ అరచెయ్యి అడ్డం పెట్టాడు.

సర్వీసు రిజిస్టరులో ఎక్కించడానికి కాగితం గుమాస్తా చేతికి వచ్చింది. వరండాలో నీటి పన్ను కట్టడానికి వచ్చినవాళ్ళు పాతికమందిదాకా వరసలో ఉన్నారు. మొన్న విరామంలో లేవనివాళ్ళే అందరూ.

"చదవరా" అన్నాడు బాబాయ్.

"రెండు కోతలు బాబాయ్. చదివేదేముంది?"

"చదువు."

"విధి నిర్వహణలో మేలుకొని యుండియు, రెండవ మోటారును…" గుమాస్తా గొణిగాడు.

బాబాయ్ చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. వరస కేసి తిరిగి నిలబడ్డాడు.

"వాళ్ళకు వినపడలేదు. ఇంకొంచెం గట్టిగా, మొదట్నించీ చదువు."