చిన్నాయన పెట్టెలో అవ్వ గొంతు

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చున్నానో లేదో, నా సెల్‌ఫోను ‘మీ ఫొటోలన్నీ భద్రంగా దాచాం’ అని ఒక ముక్క చూపించి ఊరుకుంది. నేను అడిగిందీ లేదు, ఏ తీగా తగిలించిందీ లేదు. అయినా లేచి వెళ్ళి కరెంటు ఉందో లేదో చూసుకున్నాను. ఇరవై ఏళ్ళ కిందట ఆళ్లగడ్డలో, ఒక కంప్యూటర్‌లోది ఇంకో కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి పడిన పాట్లు అలాంటివి.

ఆ కంప్యూటరు మా చిన్నాయనది. తొంభైల్లో నల్లమల అంచున ఒక చెంచుగూడెం బడిలో టీచరుగా పనిచేశాడాయన. పిల్లలకు చెప్పినదానికంటే అక్కడి పెద్దల దగ్గర తాను నేర్చుకున్నదే ఎక్కువ. ఏ దుంపను ఏమంటారు, ఏ తేనెటీగకు ఏం పేరు, ఏ ఆకు ఏ నొప్పికి అని పదేళ్ళపాటు రాసుకున్నాడు. రిటైరయ్యాక ఆళ్లగడ్డ ఇంట్లో కూర్చుని అవన్నీ రెండు వేళ్ళతో టైపు కొట్టాడు. ఒక్కో ఒత్తు కోసం అరగంట వెతికేవాడు. గూడెంలో ఒక అవ్వ పాడిన, తేనె తీసేటప్పటి పాటలు తొమ్మిది క్యాసెట్లలో ఉంటే, వాటినీ అందులోకే ఎక్కించాడు. తర్వాత క్యాసెట్లకు బూజు పట్టింది, నోటు పుస్తకాలు చెదలు తిన్నాయి, అవ్వ చనిపోయింది. మిగిలింది ఆ పెట్టె ఒక్కటే.

ఒక ఎండాకాలం పొద్దున నంద్యాలలో మా ఇంటికి ఫోను చేశాడు. “పాపా, దీని లోపల ఏందో టకటక కొట్టుకుంటాంది. ఆపితే మళ్లా లేయదని రిపేరోళ్ళంటాండారు. మధ్యాన్నం రెండుకు కరెంటు తీస్తారు. బేగా రామ్మా.” ఆయన యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో ఉబ్బిపోయింది. సీడీ రాసే వసతి లేదు, ఆ పాత పెట్టె పెన్‌డ్రైవును గుర్తుపట్టదు. మా కుటుంబంలో కంప్యూటర్ కోర్సు చేసినదాన్ని నేనొక్కదాన్నే. నా కంప్యూటర్‌ను బొంతలో చుట్టి, రెంటినీ కలిపే కేబులొకటి కొనుక్కుని, బస్సులో దాన్ని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని బయల్దేరాను. మానిటరు మాత్రం మోయలేక వదిలేశాను.

నేను చేరేసరికి పన్నెండు దాటింది. చిన్నమ్మ జ్వరమొచ్చిన మనిషి నుదుట పెట్టినట్టు ఆ పెట్టెమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తోంది. గుమ్మం దగ్గర ఒకామె కూర్చుని ఉంది. అవ్వ కూతురట. తల్లి పాటల్లో ఒకదాని చివరి చరణం మర్చిపోయి, విని నేర్చుకుని పోదామని గూడెం నుంచి వచ్చింది. “మా యమ్మ గొంతు అందులో ఉండాదా సారూ?” అని అడుగుతోంది. చిన్నాయన నా చేతిలోని బొంత మూట అందుకుని విప్పసాగాడు.

ఒక్క మానిటరునే దానికీ దీనికీ మార్చి మార్చి తగిలిస్తూ అన్నీ సరిచేశాను. అయినా ఒకదానికొకటి కనబడలేదు. గంట గడిచింది. చివరికి కేబులు కొసలు చూస్తే తెలిసింది, షాపులో నాకు వేరే రకం ఇచ్చారు. రెండు కంప్యూటర్లను నేరుగా కలపాలంటే లోపలి తీగలు అటూ ఇటూ మారి ఉండాలి. మళ్లీ నంద్యాల పోయొచ్చే టైము లేదు. నాకు ఏడుపొచ్చింది. చిన్నాయన మాత్రం “ఏ రంగుకు ఏ రంగో చెప్పు” అంటూ బ్లేడు తెచ్చి కేబులును నడిమికి కోసేశాడు. నారింజను పచ్చకూ, పచ్చను నారింజకూ నేను చెబుతుంటే, ఒక్కో తీగనూ మెలిపెట్టి టేపు చుట్టాడు. పక్క కంప్యూటరు తెరమీద కనబడేసరికి ఒకటిన్నర అయింది.

“ముందు ఏది చిన్నాయనా? పాటలు పెద్దవి, టైము తింటాయి. టైపు కొట్టిన మాటల ఫైళ్ళు చిన్నవే గానీ వందలున్నాయి, రెండూ పూర్తిగా రావు” అన్నాను. ఆయన గుమ్మం వైపు చూశాడు.

“పాటలు ఎక్కించు.”

“పదేళ్ళ పని చిన్నాయనా!”

“మాటలు మళ్లా అడుగుదాం. ఆయమ్మను యాడికి పోయి అడిగేది?”

తెరమీద ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి కాగితాలు ఎగిరే బొమ్మ వచ్చింది. టకటక ఎక్కువైనప్పుడల్లా కాగితాలు ఆగేవి. చిన్నమ్మ విసనకర్రతో పెట్టెకు విసురుతూనే ఉంది. తొమ్మిదో క్యాసెట్టు పాటలూ వచ్చేశాయి. మాటల ఫైళ్ళు పట్టుకుని లాగబోతుంటే ఫ్యాను చప్పుడు తగ్గింది, తెర నల్లబడింది.

సాయంత్రం కరెంటొచ్చాక ఆ పెట్టె లేవలేదు. కర్నూలులో చూపించినా లాభం లేకపోయింది. నా కంప్యూటర్‌లో పాట పెట్టాను. నడుమ అవ్వ దగ్గి, “సారూ, ఇది పట్టుకుంటాండాదా?” అని అడిగింది. కూతురు పకపకా నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ తర్వాత చివరి చరణం నాలుగుసార్లు పెట్టించుకుని తల్లితోపాటు పాడింది. చిన్నాయన పెరట్లోకి వెళ్ళి, చాలాసేపు లోపలికి రాలేదు.

మరుసటి వారమే కొత్త నోటు పుస్తకంతో గూడేనికి పోయాడు. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ పోయాడు. చాలా మాటల దగ్గర ఒకటే జవాబట: “అది మా నాయనకు తెలుసు సారూ.” ఆ నాయన ఉండడు. ఇప్పుడు చిన్నాయనా లేడు. ఆ పుస్తకం నా దగ్గరుంది. పేరు రాసి, ఎదురుగా అర్థానికి చోటు వదిలేసిన వరుసలే ఎక్కువ. పదేళ్ళ పని ఒక్క మధ్యాహ్నంలో పోయిందని ఆ రోజు ఏడ్చాను గానీ, ఆ మాటలు తెలిసిన మనుషులు అంతకు ముందు నుంచే ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతూనే ఉన్నారని అర్థం కావడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.