డబ్బాలో బహుమతి

ఈ ఉదయం సైటు ఆఫీసులో స్టాంపుప్యాడు తెరవగానే కుళ్ళిన చేప కంపు గుర్తొచ్చింది.

పంతొమ్మిది వందల అరవైల చివర్లో, నా చిన్నప్పుడు, ఆనకట్ట కట్టాక మా జలపాతం మాయమై, జలాశయం గట్టున పార్కు వెలిసింది. అక్కడి రాళ్ళ సందులో నేనూ బావా బిస్కెట్ల డబ్బా దాచాం. అందులో స్టాంపుప్యాడు, నోటుబుక్కు, ఒక చీటీ: "దొరికినవారు వేలిముద్ర వేసి, ఏదైనా బహుమతి పెట్టండి." ఒక్కరు వేస్తే చాలని నాలుగు ఆదివారాలు వెళ్ళి చూశాను.

ఐదో ఆదివారం మూత తీస్తే తామరాకులో చేప. దాని కళ్ళలో పురుగులు మెదులుతున్నాయి. పుస్తకమంతా చీములాంటి జిగురు. చేప పేరే ఎత్తని ఇంటివాణ్ణి, అక్కడే కక్కేశాను.

"ఎవుడ్రా బావా, ఈ పాడుపని సేసినాడు?"

"ఒరే, ఇటు సూడు. ఏలిముద్ర ఏసినాడు!" అన్నాడు బావ.

చూడకుండానే డబ్బాను నీళ్ళలోకి విసిరేశాను.

మేము వారానికోసారే వెళ్ళేవాళ్ళం. పెట్టిననాడు ఆ చేప తాజాదే అయి ఉంటుంది.