పరిశోధన ఎవరి మీద

జూలూరుపాడు దాటి అడవి వైపు పోతే, వాగుకు అడ్డంగా కట్టిన చిన్న రిజర్వాయరు ఒకటి వస్తుంది. దాని కట్ట దిగువనే హేమ్లి ఉండే తండా. అరవై గడప ఉంటుంది. హేమ్లికి కూడా అరవై నిండాయి. ఇరవై రెండేళ్లు ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా చేసి, రిటైరై వచ్చి, రెండెకరాల్లో పత్తి పండించుకుంటోంది. భర్త పోయి చాలా కాలమైంది. తమ్ముడు లాలు పక్కింట్లోనే ఉంటాడు, రిజర్వాయరులో చేపలు పడతాడు.

తండాలో ఆమెకు మంచి పేరే ఉంది. కాకపోతే ఆ పేరు వెనకాల ఇంకో మాట కూడా నడుస్తుంది. హేమ్లికి ఊరికే పాలు పోసినా ఇందులో నీళ్లెన్ని అని అడుగుతుందట. రేషను కాగితమైనా, ఎరువుల కొట్టు రసీదైనా రెండుసార్లు చదవనిదే వదలదు. ఏడో తరగతి దాకా చదువుకుంది కాబట్టి తెలుగు బాగానే చదువుతుంది. ఇంగ్లీషు కాగితం చేతికిస్తే మాత్రం మడిచి వెనక్కి ఇచ్చేస్తుంది.

మొన్నటి వానాకాలం చివర్లో, రిజర్వాయరు నిండుగా ఉన్నప్పుడు, తండాకు ఒక కారు వచ్చింది. అందులోంచి ఇద్దరు దిగారు. ఒకరు నాగలత, సత్తుపల్లి దగ్గర పామాయిలు తోటలున్న ఇంటి మనిషి, నలభై ఆరేళ్లుంటాయి. రెండో ఆయన జయప్రకాశ్, రిటైరైన లెక్చరరు. రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు చందాలు పోగుచేస్తున్నామని చెప్పారు. ఆడవాళ్లు జట్లుగా పడవలెక్కి, తెడ్లు వేస్తూ రిజర్వాయరులో చుట్లు తిరగాలి. చుట్టుకు ఇంత అని తెలిసినవాళ్లు చందా ఇస్తారు. ఆ డబ్బు హైదరాబాదులోని ఒక క్యాన్సర్ దవాఖానాకు పోతుంది. టౌను ఆడవాళ్లతో పాటు తండా ఆడవాళ్లు కూడా రావాలని అడిగారు.

రొమ్ము అన్న మాట వినబడగానే పడుచువాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. హేమ్లి మాత్రం ముందుకొచ్చింది.

"పరిశోధన అంటున్నరు గదా సార్. ఎవరి మీద చేస్తరు?"

"మీ మీద కాదులే అమ్మా," అని జయప్రకాశ్ నవ్వాడు. "అదంత ల్యాబుల జరుగుతది."

"ల్యాబుల ఎవరు ఉంటరు?"

ఆయన మళ్లీ నవ్వాడు. నాగలత నవ్వలేదు. ఇంకోసారి వచ్చి వివరంగా చెప్తామని కారెక్కారు.

ఆ నవ్వే కొంప ముంచింది. కారు మలుపు తిరిగిందో లేదో తండాలో తలా ఒక మాట మొదలైంది. రిజర్వాయరును బోటింగు కంపెనీకి రాసిచ్చేశారని, ఇది దానికి కొబ్బరికాయ కొట్టడమేనని లాలు అన్నాడు. పోడు భూములు కొలవడానికే ఈ నాటకమని ఇంకొకరన్నారు. ఆడవాళ్ల ఫొటోలు తీసి ఎక్కడెక్కడో పెడతారని మరొకరు. హేమ్లి అన్నీ వింది. ఆమె అనుమానం వీటిలో ఏదీ కాదు. అదేమిటో ఎవరికీ చెప్పలేదు.

చెప్తామన్న వివరం చెప్పలేదు గానీ వారం తిరక్కుండానే పొద్దున పూట ప్రాక్టీసు మొదలైంది. చేపల సొసైటీ నాటు పడవలు నాలుగు, ఖమ్మం నుంచి కిరాయికి తెచ్చిన ఫైబరు పడవలు రెండు. ఎవరో ఒకరు పడవ ముందు కూర్చుని లెక్క చెబుతుంటే మిగతావాళ్లు తెడ్లు వేసేవాళ్లు. బర్రెకు గడ్డి కోసే నెపంతో హేమ్లి రోజూ కట్ట మీదికి పోయి కూర్చునేది. ఎవరు వస్తున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఏం రాసుకుంటున్నారు, అన్నీ చూసేది. నాగలత ఎడమ చెయ్యి భుజం దాటి పైకి లేవడం లేదని రెండో రోజే కనిపెట్టింది. కాగితాలన్నీ ఒక నల్ల సంచిలో పెట్టి, ఆ సంచిని కార్లో పెట్టి, కారుకు తాళం వేయడం కూడా గమనించింది. అంత తాళం వేసి దాచాల్సిన కాగితాలేముంటాయని ఆమెకు పట్టుకుంది.

నాలుగో రోజు పడవలో సోని కనిపించింది.

సోని ఆ తండా పిల్లే. ముప్పై ఒకటి దాటాయి. ఇద్దరు పిల్లలు. భర్త కరెంటు పనికి పోతాడు, ఆమె ఇంట్లో మిషను కుడుతుంది. తండ్రి భద్రు కూడా వాళ్ల దగ్గరే ఉంటాడు. తెడ్డు వేస్తూ, నీళ్లు మీద పడుతుంటే సోని పగలబడి నవ్వుతోంది. ఆ నవ్వు చూస్తూ హేమ్లి కొడవలి పక్కన పెట్టి కూర్చుండిపోయింది.

సాయంత్రం నల్లా దగ్గర ఆమెను పట్టుకుంది.

"వాళ్లు నీకు ఏం కాగితం ఇచ్చిండ్రు?"

"ఫారం ఇచ్చిండ్రు యాడీ," అంది సోని. అమ్మ వరసైన వాళ్లను తండాలో అలాగే పిలుస్తారు. "సంతకం పెట్టి రేపు ఇయ్యాలె."

"ఏం రాసుందో చదివినవా?"

"ఇంగ్లీషుల ఉంది. అందరు పెట్టిండ్రు."

"తే ఇటు. రేపటి దాక నా దగ్గర ఉంటది."

సోని ఇంట్లోకి పోయి ఫారం తెచ్చి ఇచ్చింది. ఎందుకని అడగలేదు.

మర్నాడు పొద్దున హేమ్లి కట్ట దిగి నేరుగా పడవల దగ్గరికి పోయింది. ఆమె రావడం చూసి జయప్రకాశ్ గొంతు తగ్గించి నాగలతతో అన్నాడు: "నేను చెప్పలేదా మేడం. రోజూ కట్ట మీద కూసొని మనల్ని చూస్తున్నది. ఈమె వెనక ఎవరో ఉన్నరు."

నాగలతకూ అలాగే అనిపించింది. ఇలాంటి పనుల్లో గుచ్చి గుచ్చి అడిగేవాళ్లు చివరికి ఏదో ఒకటి కావాలంటారని ఆమెకు అనుభవం.

"రండి పెద్దమ్మా," అంది జాగ్రత్తగా. "ప్రోగ్రాం రోజు టిఫిన్ల పని మీ తండావాళ్లకే ఇద్దామనుకుంటున్నాం. మీరు చూసుకుంటారా?"

"నాకు టిఫిన్ల పని ఒద్దు మేడం. ఈ కాగితం చదివి తెలుగుల చెప్పున్రి. ఒక్కొక్క లైను."

నాగలత ఫారం తీసుకుంది. అప్పటికి సోని కూడా వచ్చి నిలబడింది. పేరు, వయసు, ఈత వచ్చా రాదా. పడవలో లైఫ్ జాకెట్టు తప్పకుండా వేసుకోవాలి. ఏదైనా ప్రమాదం జరిగితే ఫోను చేయాల్సిన నంబరు. నాగలత చకచకా చెప్పుకుంటూ పోయి ఒకచోట ఆగింది. పెదాలు కదుపుతూ మళ్లీ మొదటి నుంచి చదువుకుంది.

"ఆగిండ్రేంది?" అంది హేమ్లి.

"నా వైద్య వివరాలు, ఫొటోలు... నిర్వాహకులు గాని, వాళ్లతో కలిసి పనిచేసే సంస్థలు గాని... పరిశోధనకైనా ప్రచారానికైనా ఎప్పుడైనా వాడుకోవచ్చు. దీనికి నేను ఒప్పుకుంటున్నాను." నాగలత కాగితం దించింది. "ఇది ఇందులో ఎందుకుందో నాకు తెలీదండి. నిజంగా తెలీదు. మొదటి సంతకం నాదే. వెనకపేజీలో నా క్యాన్సర్ ఆపరేషన్ సంగతి కూడా రాసిచ్చాను."

జయప్రకాశ్ ముఖం ఎర్రబడింది. విదేశాల్లో ఇలాంటి కార్యక్రమం చేసినవాళ్ల ఫారం నెట్‌లో దొరికితే దించుకున్నానని, పేర్లు మాత్రం మార్చానని చెప్పాడు. "అందరు గట్లనే పెడతరు మేడం. ఫార్మాలిటీ."

"అందరంటే ఎవరు సార్?" అంది హేమ్లి.

ఆయన పడవ తాళ్లు చూసుకోవాలంటూ పక్కకు వెళ్లాడు.

నాగలత కట్ట రాళ్ల మీద కూలబడింది. తనే అంది. "మొన్న మీరు అడిగారు గదా, పరిశోధన ఎవరి మీద చేస్తారని. ఇంటికి పోయాక అదే ఆలోచించాను పెద్దమ్మా. నాకు ఎక్కించిన మందు ముందు ఎవరో కొందరు ఆడవాళ్ల మీద చూసిందే. వాళ్లు ఒప్పుకోబట్టి నేనిక్కడ ఉన్నాను. వాళ్ల చేత సంతకం పెట్టించుకునే ముందు ఎవరైనా చదివి చెప్పారో లేదో, నాకు తెలీదు. నేనెప్పుడూ అడగలేదు."

తన ప్రశ్నకు ఇలాంటి జవాబు వస్తుందని హేమ్లి అనుకోలేదు. తప్పించుకుంటారనో, కసురుకుంటారనో అనుకుని వచ్చింది. ఆ మనిషి అలా ఒప్పుకునేసరికి, ఇన్నాళ్లూ దాచుకున్నది ఆమె నోట్లోంచి దానంతట అదే బయటికి వచ్చింది.

పద్దెనిమిదేళ్ల కిందటి సంగతి. హాస్టలుకు ఒక రోజు జీపులో ఎవరో తెల్లకోట్ల వాళ్లు వచ్చారు. ఏదో సర్వే అన్నారు. పిల్లలందరి దగ్గరా రక్తం తీసుకోవాలన్నారు. వార్డెన్ ఆ రోజు సెలవు రాయకుండానే ఊరికి పోయింది, రిజిస్టర్లో మాత్రం ఉన్నట్టే ఉంది. తల్లిదండ్రుల బదులు మీరు పెట్టండమ్మా అని ఇంగ్లీషు కాగితాల కట్ట హేమ్లి ముందు పెట్టారు. ఆమె నలభై ఒక్క సంతకాలు పెట్టింది. పిల్లలకేమీ కాలేదు. కానీ వారం తర్వాత తల్లిదండ్రులు వచ్చి, మా పిల్లల రక్తం ఎందుకు తీశారు, ఎవరు ఒప్పుకున్నారని అడిగారు. హేమ్లికి భయమేసింది. సంతకాలు వార్డెన్ పెట్టిందని చెప్పింది. ఆ వార్డెన్‌ను అక్కడినుంచి మార్చేశారు. ఇద్దరు ముగ్గురు తమ పిల్లల్ని తీసుకుపోయారు. అలా పోయిన పిల్లల్లో ఒకతె సోని. అప్పుడు ఎనిమిదో తరగతి. భద్రు ఆమె పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. ఆ పిల్ల మళ్లీ బడి మొహం చూడలేదు.

చెప్పడం అయ్యాక హేమ్లి సోని వైపు చూడలేకపోయింది.

"నాకు తెలుసు యాడీ," అంది సోని. "లైన్ల నేను నాలుగో దాన్ని. నువ్వు టేబుల్ కాడ రాసుడు చూసిన."

"మరి మీ నాయనకు చెప్పలేదా?"

"చెప్తే నిన్ను గూడ ఎల్లగొడ్తరనుకున్న. నువ్వు నాకు జ్వరమొస్తే మూడు రాత్రులు పక్కన కూసున్నవ్ గదా."

సోని గొంతులో కోపం లేదు. తనే మళ్లీ అంది: "కని, ఎప్పుడన్న ఒకసారి మా ఇంటికి వస్తవనుకున్న. గంతే."

హేమ్లి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అరవై గడపల తండా. సోని ఇల్లు ఆమె ఇంటికి తొమ్మిదో ఇల్లు. రిటైరై వచ్చిన ఇన్నేళ్లలో ఆ గడప తొక్కలేదు.

ఆ రోజే నల్ల సంచిలోని పాత ఫారాలన్నీ రద్దు చేశారు. హేమ్లి ఇంటి ముందు మంచం వాల్చుకుని కూర్చుని కొత్తది తెలుగులో రాశారు. నాగలత రాసిన మాట హేమ్లి చదివి, ఇది మాకు అర్థం కాదంటే కొట్టేసి మళ్లీ రాశారు. మొత్తం తొమ్మిది వాక్యాలయ్యాయి. ఫొటోకు ఒప్పుకోవడం వేరు, పడవెక్కడానికి ఒప్పుకోవడం వేరని విడివిడిగా రాయించింది హేమ్లి. జబ్బుల సంగతి అడిగే పేజీ మొత్తం తీసేయించింది. జయప్రకాశ్ రెండు రోజులు ముభావంగా ఉండి, మూడో రోజు జిరాక్సులు తనే తీయించుకొచ్చాడు.

కార్యక్రమం ఆదివారం పెట్టారు. హేమ్లి కట్ట మీద టేబుల్ వేసుకుని కూర్చుంది. వచ్చిన ప్రతి ఆడమనిషికీ తొమ్మిది వాక్యాలూ చదివి వినిపించి, సమజయిందా అని అడిగి, అప్పుడు సంతకం పెట్టనిచ్చింది. చదువుకున్న టౌను వాళ్లు మాకు చదవడం వచ్చు కదా అంటే, చదువుకున్నోళ్లే చదవకుండ పెడుతున్నరు అంది. లైను పెరిగిపోయింది. రావలసిన పెద్దలు వచ్చి ఎండలో కూర్చున్నారు. గంటంబావు ఆలస్యమైంది. కొందరు ఫొటో ఒద్దన్నారు. ఒక ముసలమ్మ అంతా విని, నేను కాగితమూ ముట్టుకోను పడవా ఎక్కను అని చెట్టు నీడకు పోయి కూర్చుంది. ఆమెను ఎవరూ బతిమాలలేదు. లాలు పడవకు తాడు పట్టి నిలబడ్డాడు గానీ, ఆ బోటింగు కంపెనీ వాళ్లెక్కడున్నారా అని వచ్చినవాళ్ల ముఖాలన్నీ వెతుకుతూనే ఉన్నాడు.

మొత్తం ముప్పై ఎనిమిది మంది తెడ్లు పట్టారు. సోని ఉన్న పడవ ఐదు చుట్లు తిరిగింది. నాగలత రెండు చుట్లకే చెయ్యి నొప్పి పెట్టి దిగిపోయింది. దిగి, ఇంకా ఎవరికైనా చదివి చెప్పాలా అంటూ హేమ్లి పక్కన కూర్చుంది. అనుకున్నంత చందా రాలేదు. వచ్చింది దవాఖానాకు పంపి, దాన్ని దేనికి వాడతారో రాసి పంపమని నాగలత ఉత్తరం పెట్టింది. ఆ మాట కలపమన్నది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఆ సాయంత్రం హేమ్లి స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని సోని ఇంటికి పోయింది. భద్రు వాకిట్లో మంచం మీద ఉన్నాడు. ఆమెను చూసి లేచి కూర్చున్నాడు. హేమ్లి నిలబడే చెప్పింది. ఆ నలభై ఒక్క సంతకాలూ తనవేనని, వార్డెన్ మీదికి నెట్టింది తనేనని చెప్పింది.

భద్రు ఆమె ముఖంలోకి చూసి అడిగాడు.

"ఇన్నేండ్లకు వచ్చి ఎందుకు చెప్తున్నవ్? ఆ బోట్లోళ్లేమన్న చెప్పమన్నరా?"

"ఎవరు చెప్పమనలే."

"మరి నీకేం కావాలె?"

"ఏమొద్దు."

"ఆ రక్తం ఎందుకు తీసుకపోయిండ్రో ఇప్పటికన్న తెలిసిందా?"

"తెల్వలే," అంది హేమ్లి.

భద్రు తల పంకించాడు. ఆ ఒక్క జవాబునే నమ్మినట్టున్నాడు. గోడవారనున్న ప్లాస్టిక్ కుర్చీని కాలితో ఆమె వైపు జరిపి, చాయ్ పెట్టమని కూతురికి కేకేశాడు.