గడువు తీరని చిత్రిక

తాకట్టు దుకాణాల వీధిలో ఆయన్ని అందరూ తుప్పు తాత అంటారు. పాత పనిముట్లు ఏరి కొనడం ఆయన వ్యసనం. తడి బొటనవేలితో తుప్పు రుద్ది, తయారీ ముద్ర బయటపడేదాకా ఊపిరి బిగబడతాడు. పిడిని మాత్రం కళ్ళు మూసుకుని తడుముతాడు. పదేళ్లుగా వెతుకుతున్న, చెక్క నునుపు చేసే చిత్రిక ఆ మంగళవారం ఒక దుకాణంలో అమ్మకపు బల్ల మీద కనిపించింది. దాని పిడిలో ఎవరిదో అరచేయి ఏళ్ల తరబడి అరగదీసిన గుంట ఉంది. అడుగున అంటించిన తాకట్టు చీటీలో గడువు శుక్రవారం దాకా ఉంది.

"ఇంకా మూడు రోజులుందిగా, అమ్మకానికెలా పెట్టావయ్యా?"

"తాకట్టు పెట్టిన వడ్రంగి తిరిగొస్తే కదా తాతా! నీ పంట పండింది, పట్టుకుపో."

"ఒకడి చెయ్యి నరికి బల్ల మీద పెట్టి, నా పంట పండిందంటావా?"

గడువు తీరేదాకా అమ్మరాదన్న నిబంధనల పటం దుకాణదారు నెత్తిమీదే వేలాడుతోంది. అతను తల ఎత్తలేదు.

తాత చిత్రికను కొనలేదు, వదల్లేదు. ఆ మూడు రోజులూ దుకాణం తెరిచింది మొదలు మూసేదాకా ఆ బల్ల పక్కనే ముక్కాలిపీట వేసుకుని, బేరానికొచ్చిన ప్రతివాడికీ చీటీ చదివి వినిపించాడు. శుక్రవారం సాయంత్రం వడ్రంగి వచ్చి, బాకీ తీర్చి, చిత్రిక అందుకున్నాడు. అతని అరచేయి ఆ గుంటలో అచ్చంగా ఒదిగిపోయింది.

"ఆ చేతిలో చూశావా దీని వెల?" అని దుకాణదారును గద్దించి, తాత తన ఖాళీ సంచి భుజాన వేసుకున్నాడు.