పాముచెవుల మేస్త్రీ కొన్న సౌండ్‌బార్

తప్పు టీవీదేనని లిఫ్టు మేస్త్రీ తేల్చేశాడు. ఇప్పటి టీవీలు పలకలా పల్చగా ఉంటున్నాయి, వాటిలో స్పీకరు పట్టే చోటేదీ అన్నాడు. మనుషులందరూ నూతిలోంచి మాట్లాడుతున్నట్టుందన్నాడు. అందులో నిజం లేకపోలేదు. కానీ అదే టీవీలో అతని భార్యకు ప్రతి మాటా శుభ్రంగా వినబడుతోంది. ఆ సంగతి ఆవిడ పైకి అనలేదు. ముప్పయ్యేళ్ల కాపురంలో ఏ మాట అనాలో, ఏ మాట మింగాలో ఆవిడకు బాగానే తెలిసొచ్చింది.

గోడలకు చెవులుంటాయంటారు. ఆ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ గోడలకు నోళ్లు కూడా ఉన్నాయి. పక్క ఫ్లాటువాళ్లు దగ్గితే, ఇక్కడినుంచే మంచినీళ్లు కావాలా అని అడగొచ్చు. అలాంటి చోట రెండో అంతస్తులో టీవీ వాల్యూమ్ నలభైలో మోగితే ఊరుకునేదెవరు? ఒకరోజు పొద్దున్నే కింది ఫ్లాటు టీచరమ్మ, రిటైరై ఆరేళ్లయిన మనిషి, నొప్పి మోకాలు పట్టుకుని లిఫ్టెక్కి వచ్చింది.

"మేస్త్రీ గారూ, నిన్నటి సినిమాలో హంతకుడెవరో మీకు అర్థమైందా? నాకైతే అయిపోయింది. గది తలుపులు బిగించుకుని పడుకున్నా అయిపోయింది."

"టీవీ స్పీకర్లు బాలేవండీ. మంచి సౌండ్ సిస్టం తీసుకుంటున్నాం. అది వస్తే తక్కువలో పెట్టుకున్నా స్పష్టంగా ఉంటుంది. మీకింక ఇబ్బంది ఉండదు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాపం టీవీనా అనేది!" అని టీచరమ్మ నవ్వింది. సరదాకే అంది. మేస్త్రీ కూడా నవ్వాడు. తలుపు పక్కన నిలబడ్డ అతని భార్యకు మాత్రం నవ్వు రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పాలంటే అతని చెవుల కథ చెప్పాలి. లిఫ్టు కంపెనీలో అతన్ని పాముచెవుల మేస్త్రీ అనేవారు. డాబా మీద మిషన్ గదిలో మోటారు తిరుగుతుంటే, మిగతావాళ్లు కవర్లు విప్పి, టార్చిలైటు వేసి, పైకీ కిందకీ చూసి తలలు గోక్కునేవారు. ఇతను కళ్లు మూసుకుని నిలబడేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు మీద ఆనించి, పిడిని చెవి ముందు ఎముకకు ఆనించుకుని, "ఇది ఇంకో రెండు నెలలు వస్తుంది, అంతే" అనేవాడు. రెండు నెలలకు అది పోయేది. "విప్పి చూడటం కొత్తవాళ్ల పని" అని మీసం దువ్వుకునేవాడు. చెవులకు అడ్డం పెట్టుకోమని కంపెనీ ఇచ్చిన మూతలు డబ్బాతో సహా పెట్టెలో పడున్నాయి. చెవులు మూసుకుంటే ఇంక నేనెందుకు అన్నది అతని వాదన. ముప్పై ఒక్క ఏళ్లు మోటార్ల హోరులో ఆ చెవులను తెరిచి పెట్టుకుని నిలబడ్డాడు. ఆ హోరు ఊరికే పోతుందా? కొంచెం కొంచెంగా తినేసింది. ముందు సన్నని శబ్దాలు పోయాయి. తర్వాత మాటల అంచులు అరిగిపోయాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు.

భార్యకు ఈ అనుమానం తన కుట్టుమిషన్ దగ్గర వచ్చింది. ఆవిడ ఒక రెడీమేడ్ బట్టల షాపుకు ప్యాంట్లు పొట్టి చేసి, జిప్పులు మార్చి ఇస్తుంది. పూర్వం మేస్త్రీ స్నానాల గదిలోంచే, "ఏమే, నీ మిషన్‌కి నూనె పెట్టు, ఏడుస్తోంది" అని కేకేసేవాడు. ఆ కేక ఆగిపోయి చాలా కాలమైంది. ఆవిడ కావాలనే మూడు నెలలు నూనె పెట్టలేదు. మిషన్ కీచుకీచుమని ప్రాణం తోడేసేది. అతను పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవాడు. ఒకరోజు ఆవిడ కుడుతూ కుడుతూ ఏడ్చి, లేచి నూనె పెట్టుకుంది. అతన్ని ఏమీ అడగలేదు. ఏమని అడుగుతుంది? ఆ చెవులే అతని పని, అతని పేరు, ఆ ఇంటి తిండి. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్లుంది. కంపెనీకి తెలిస్తే మర్నాడే లిఫ్టుల దగ్గరికి రానివ్వరు.

అందుకే సౌండ్ సిస్టం అనగానే ఆవిడ కాదనలేదు. అతని కోసం టీవీ మీద నింద మోపడానికి ఆవిడ కూడా సిద్ధపడింది.

షాపులో డెమో గదికి మందపాటి తెరలు, కాళ్ల కింద మెత్తటి తివాచీ. సేల్స్‌మన్ ఓపిక గల మనిషి. హాలు ఎంత పొడుగు, సోఫా ఎక్కడ, కింద ఎవరుంటారు అని వివరంగా అడిగాడు.

"సోఫా వెనక గోడకి ఆనించి ఉందంటున్నారు. అయిదు స్పీకర్ల సెట్ మీకు దండగండీ, వెనకవి ఎక్కడ పెడతారు? టీవీ కింద సౌండ్‌బార్ ఒక్కటి చాలు. మాటలు స్పష్టంగా రావడానికి ఇందులో వేరే బటనుంది. బేస్ పెట్టె చిన్నదే తీసుకోండి. అపార్ట్‌మెంట్లో పెద్దది పెడితే మీకంటే కింద వాళ్లే ఎక్కువ వింటారు."

"అయిదు స్పీకర్లది కూడా వినిపించు. వింటే పోయేదేముంది?" అన్నాడు మేస్త్రీ.

సేల్స్‌మన్ వాళ్లను మధ్యలో కూర్చోబెట్టాడు. ఒక్కో స్పీకరులోంచి ఒక్కోసారి చినుకు రాలినంత శబ్దం వస్తుందనీ, ఎటునుంచి వస్తోందో చూపించమనీ చెప్పాడు. ఇంక దొరికిపోతాడనుకుంది ఆవిడ. మేస్త్రీ మాత్రం జంకలేదు. ఎడమ వెనక అన్నాడు, సరిగ్గా ఎడమ వెనకే. కుడి ముందు అన్నాడు, అదీ సరిపోయింది. ఆవిడకు ఒక్క నిమిషం ఎంత సంతోషం కలిగిందో! నా అనుమానానికి నిప్పెట్ట అనుకుంది. అంతలో చూసింది: భర్త చూపు స్పీకర్ల మీద లేదు, సేల్స్‌మన్ కళ్ల మీద ఉంది. అతను ఎటు చూస్తే ఈయన అటు చూపిస్తున్నాడు.

బయట ఎవరో పిలిస్తే సేల్స్‌మన్ కుడివైపు వెనకున్న తలుపు కేసి చూశాడు.

"కుడి వెనక" అన్నాడు మేస్త్రీ.

"ఇంకా పెట్టలేదండీ."

"నువ్వు మెలకువగా ఉన్నావో లేదో చూశానయ్యా!" అని మేస్త్రీ పెద్దగా నవ్వాడు. సేల్స్‌మనూ నవ్వాడు. ఆవిడ తివాచీ మీది పూలు చూస్తూ కూర్చుంది.

చివరికి సౌండ్‌బారే కొన్నారు. బేస్ పెట్టె మాత్రం పెద్దదే కావాలన్నాడు. గుండెల్లో తగలాలట. చెవికి అందనిది గుండెకైనా అందాలన్న ఆశ అది. సేల్స్‌మన్‌కి అర్థం కాలేదు, ఆవిడకు అయింది. పది రోజుల్లో నచ్చకపోతే తిరిగి తీసుకుంటామని రసీదు మీద రాసిచ్చారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం పెట్టెలతో ఇద్దరూ లిఫ్టెక్కారు. రెండో అంతస్తులో ఆగేటప్పుడు పైనుంచి ఒక సన్నని కీచు వచ్చింది, ఇనుము మీద ఇనుము గీసినట్టు. ఆవిడ ఉలిక్కిపడి భర్త ముఖంలోకి చూసింది. అతను పెట్టె మీద బొమ్మ చూసుకుంటున్నాడు.

ఆ అపార్ట్‌మెంట్ లిఫ్టును చూసేది కూడా అతనే. పాతకాలపు లిఫ్టు. అందులో బ్రేకే లిఫ్టును పట్టి ఆపాలి. రేపు సోమవారం, తనిఖీ రోజు, ఎలాగూ చూస్తాడుగా అని ఆవిడ మనసుకు సర్దిచెప్పుకుంది. సోమవారం డాబా మీదినుంచి దిగి వచ్చి, "వెన్నపూసలా నడుస్తోంది" అన్నాడు. తనిఖీ పుస్తకంలో శబ్దం లేదని రాసి సంతకం పెట్టి వచ్చాడు.

ఆ వారమంతా సౌండ్‌బార్‌తో కుస్తీ పట్టాడు. బేస్ పెట్టె అదురు కిందికి దిగకుండా, మోటార్ల కింద వేసే రబ్బరు దిమ్మలు నాలుగు దాని కింద పెట్టాడు. ఎంత చక్కగా పెట్టాడంటే, కింద అదురే లేదని టీచరమ్మ మెచ్చుకుంది. మాటల బటను నొక్కాడు, సినిమా బటను నొక్కాడు. మాటలు పెద్దవయ్యాయి గానీ విడిపోలేదు. "ఇదీ బాలేదే. అయిదు స్పీకర్లదే తీసుకోవాల్సింది" అన్నాడు. ఆవిడ వంటగదిలోకి వెళ్లిపోయింది. రోజుకు ఎన్నోసార్లు లిఫ్టు కీచుమంటూనే ఉంది. ప్రతిసారీ ఆవిడ నోటిదాకా మాట వచ్చి ఆగిపోయేది. పక్కింటివాళ్లూ విన్నారు. మేస్త్రీ ఈ బిల్డింగులోనే ఉన్నాడు, ఆ పాముచెవులకు వినబడకుండా ఉంటుందా అనుకున్నారు. అందరికీ అంత నమ్మకం.

శనివారం పొద్దున లిఫ్టు మొదటి అంతస్తుకు జానెడు కిందికి జారి ఆగింది. సంచీ పట్టుకుని బయటికి అడుగేసిన టీచరమ్మ గట్టు తగిలి బోర్లా పడింది. ఆ నొప్పి మోకాలే నేలకు కొట్టుకుంది. మేస్త్రీ భార్యే మెట్లమీదుగా పరిగెత్తి వెళ్లి లేపి కుర్చీలో కూర్చోబెట్టింది. "విరగలేదులే అమ్మా, ఏడవకు" అని టీచరమ్మే ఆవిడకు ధైర్యం చెప్పింది. ఆవిడ ఏడుపు ఎందుకో టీచరమ్మకు తెలియదు.

మేస్త్రీ అప్పటికే డాబా ఎక్కాడు. ఆవిడ రొప్పుతూ మిషన్ గదికి చేరేసరికి లిఫ్టును ఖాళీగా పైకీ కిందకీ నడుపుతున్నాడు. స్క్రూడ్రైవరు ఎముకకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. లిఫ్టు ఆగింది. ఆ గదిలో కీచు చెవులు చిల్లులు పడేలా ఉంది.

"ఏం లేదే. టీచరమ్మ చూసుకోకుండా దిగుంటుంది" అన్నాడు కళ్లు తెరిచి.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. భర్త మీద కోపం, అంతకు పదింతలు తన మీద కోపం. అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఉందండీ! కీచుమంటోంది. ఇప్పుడు కూడా అంది. స్పీకర్లు తెచ్చిన రోజు నుంచీ అంటోంది!"

మేస్త్రీ ఆవిడ ముఖాన్నీ, బ్రేకు కవరునూ మార్చి మార్చి చూశాడు. తర్వాత కరెంటు ఆపేశాడు. పనిలో చేరిన కొత్తలో తప్ప ఎప్పుడూ చేయని పని చేశాడు: నాలుగు బోల్టులూ విప్పి, కవరు తీసి, టార్చి వేసి చూశాడు. బ్రేకు పట్టీ అరిగి మాయమైంది. దాన్ని పట్టి ఉంచే రివెట్లు ఇనుప చక్రాన్ని గీసి, గోరు దిగేంత గాడి చేశాయి.

"ఎందుకు చెప్పలేదే?" అన్నాడు టార్చి ఆపి.

"చెప్తే మీకు వినపడట్లేదని చెప్పినట్టే కదండీ. నాకు నోరు రాలేదు. ఆవిడ మోకాలు పగిలిందాకా రాలేదు. పాపం నాది."

"నీది కాదు. కళ్లున్నాయిగా నాకు. విప్పి చూసుంటే తెలిసేది" అన్నాడు. గచ్చు మీద కూలబడి, పుస్తకం తీసి సోమవారం నాటి సంతకం కింద నెమ్మదిగా రాశాడు: శబ్దం ఉంది. నాకు వినబడలేదు. లిఫ్టు ఆపేశాను.

"ఆ స్పీకర్లు తిరిగిచ్చేద్దాం. వాటి తప్పేం లేదు. టీవీదీ లేదు" అన్నాడు.

ఆవిడ అతని భుజం మీద చెయ్యి వేసింది. అతను జేబులోంచి ఫోను తీసి సూపర్‌వైజర్ నంబరు నొక్కాడు. అవతల గొంతు పలికింది. మేస్త్రీ ఒక క్షణం విని, ఫోను ఆవిడ చేతిలో పెట్టాడు.

"నువ్వు మాట్లాడు. అంతా చెప్పెయ్."

"హలో, ఎవరండీ?" అంటున్నాడు సూపర్‌వైజర్.

"మేస్త్రీ గారి భార్యనండి" అంది ఆవిడ. "ఆయన పక్కనే ఉన్నారండి. ఆయనకి వినపడదండి."

మేస్త్రీ ఆవిడ పెదాలనే చూస్తూ కూర్చుని, ఆ మాటకు అవునని తలూపాడు.